జానెడు ఇంజనుకు రెండు రంగులు

ఈ ఉదయం కుళాయి నీళ్ళు వచ్చే రోజు కాబట్టి నేను బిందెల దగ్గర కాపలా ఉండగా ఫోన్ ఆగకుండా మోగింది. అనంతపురంలో ఆ వేళప్పుడు ఫోన్ అన్నిసార్లు మోగితే ఎవరో పోయారని అర్థం, లేకపోతే ఎక్కడో వాన పడిందని. రెండూ కాదు. దూరపు నగరంలో నమూనా రైళ్ళు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఈ ఏటి క్యాటలాగు విడుదల చేసింది. వాటిని బొమ్మరైళ్ళు అంటే ఎవరికైనా అర్థమవుతుంది గానీ, ఆ మాట మా గుంపులో బూతు కింద లెక్క. గుంపంటే పెద్దదేమీ కాదు, నలుగురం. క్యాటలాగు చివరి పేజీలో మీటర్ గేజ్ ఇంజను, రంగు సవరించి, నిగనిగలాడే నలుపులో ఉంది. రాయదుర్గం అన్న "ఇప్పుడు వచ్చెనప్పా సరైన నలుపు" అని రాశాడు. ఉరవకొండ అన్న "రివిట్లు లెక్కపెడతాండా, ఉండండి" అన్నాడు. కాసేపటికి ఇద్దరూ కలిసి నన్ను అడిగారు: మామకు ఒకటి ఆర్డరు చెప్పేద్దామా అని. బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా నేను ఆ ప్రశ్నే చూస్తూ ఉన్నాను. మా ఊళ్ళో కుళాయి నీళ్ళు పొర్లిపోనిచ్చాడంటే ఆ మనిషికి ఏదో పెద్ద సంగతే గుర్తొచ్చిందని అనుకోవచ్చు.

మామ అంటే మా మేనత్త భర్త. ధర్మవరం నుంచి ముదిగుబ్బ, కదిరి మీదుగా పాకాల పోయే మీటర్ గేజ్ లైనులో ముందు బొగ్గు వేసి, తర్వాత బండి తోలాడు. ఆయన ఉండగానే ఆవిరి ఇంజన్లు పోయాయి. ఆయన ఉద్యోగం దిగిపోయాక ఆ లైనే పోయి బ్రాడ్ గేజ్, మా మాటలో పెద్ద లైను, వచ్చింది. అప్పటికి వాళ్ళింట్లో శనక్కాయ మూటలు వేసే గది ఒకటి ఖాళీగా ఉండేది. ఆ గదిని ఖాళీ చేసిన ఘనత మొహం చాటేసిన వానలది, ఆయనది కాదు. అందులో పెద్ద బల్ల వేయించి, గుండ్రంగా పట్టాలు పరిచి, జానెడేసి ఇంజన్లు తిప్పేవాడు. అన్నీ పెద్ద లైను ఇంజన్లే, ఎందుకంటే కంపెనీ మీటర్ గేజ్ చేసేది కాదు. వాటిని ఆయన మర్యాదగానే నడిపేవాడు, కానీ పరాయి పెళ్ళిలో వడ్డిస్తున్న మనిషిలా నడిపేవాడు. అత్త ఆ గది గడప దాటేది కాదు. "ముప్పై ఏండ్లు నిజం రైలు తోలినన్ని దినాలు ఇంటికి రాలేదు. ఇప్పుడు ఇంట్లోనే ఉండి రాకుండా పోతాండాడు" అని వంటింట్లోంచే అనేది.

క్యాటలాగు వచ్చిన ఆదివారం మేం దాన్ని ఫోన్లో చూసి ఊరుకునేవాళ్ళం కాదు. జిరాక్సు షాపులో రంగుల్లో తీయించి, నాలుగు మూలలా పసుపు రాసి, మామ ముందు పెట్టాలి. ఆయన ఉగాదినాడు పంచాంగం చదివినట్టు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, తెలుగులో అర్థం చెప్పేవాడు. మేం కళ్ళు మూసుకుని వినాలి. బొమ్మలు చూడటం తర్వాతే. అత్త బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టేది. పంచాంగంలో ఇన్ని కుంచాల వాన అని రాస్తే మేం ఎంత నమ్ముతామో, క్యాటలాగులో ఫలానా నెలకు సరుకు పంపుతామని రాస్తే అంత నమ్మేవాళ్ళం. చదవడం అయ్యాక తప్పులు పట్టడం మొదలయ్యేది. ఉరవకొండ అన్న శనగ ఆకు మీద పురుగును చూసే భూతద్దంతో రివిట్లు లెక్కపెట్టేవాడు. రాయదుర్గం అన్నకు జీన్స్ కుట్టే యూనిట్ ఉంది కాబట్టి రంగుల మీద ఆయన మాటే చెల్లేది. ఆ తప్పులన్నీ కంపెనీకి ఉత్తరం రాసే పని నాది. ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసినందుకు ఇన్నేళ్ళలో దక్కిన ఏకైక గౌరవం అది.

ఏటా రాసే ఆ ఉత్తరాల్లో చివరి వాక్యం ఒకటే: మీటర్ గేజ్ ఇంజను ఎప్పుడు చేస్తారు? నాలుగేళ్ళ క్రితం కంపెనీకి విసుగొచ్చిందో జాలేసిందో, చేస్తాం, వివరాలు పంపండి అన్నారు. మేం ఎనిమిది పేజీలు రాశాం. బొగ్గుపెట్టె వెడల్పు, మెట్ల మధ్య దూరం, విజిల్ ఏ పక్క వంగి ఉంటుంది, అన్నీ. ఫొటో కావాలన్నారు. మామ దగ్గర ఉన్నది ఒకే ఫొటో, అందులో ఇంజను ముందు అత్త నిలబడి ఉంది. పెళ్ళైన కొత్తలో తీసింది. మామ కళ్ళకు ఆ ఫొటోలో లోపమేమీ లేదు గానీ, ఇంజను మూడొంతులు చీర వెనకే ఉంది. అందుకని నేను ఒక రైల్వే ఆఫీసు ముందు దిమ్మె మీద అలంకారానికి నిలబెట్టిన అదే రకం ఇంజనుకు అన్ని పక్కలనుంచీ ఫొటోలు తీసి పంపాను. పెద్ద అధికారి వచ్చినప్పుడల్లా దానికి చిలక పచ్చ రంగు, ఎర్ర చక్రాలు, పసుపు గీతలు వేస్తారు. పట్టాల మీద తిరిగిన రోజుల్లో అది నల్లది. ఎనిమిది పేజీల్లో ఆ ఒక్క ముక్క ఎవరమూ రాయలేదు. మాకందరికీ అంత బాగా తెలిసిన సంగతి అది.

ఆ మరుసటి ఏటి క్యాటలాగు చదువుతూ చదువుతూ చివరి పేజీలో మామ ఆగిపోయాడు. "మీటర్ గేజు" అన్నాడు, అంతే. మేం నియమం తప్పి కళ్ళు తెరిచాం. పేజీలో చిలక పచ్చ ఒళ్ళు, ఎర్ర చక్రాలు, పసుపు గీతలు. ముందు రాయదుర్గం అన్నే అన్నాడు:

"ఇదేందన్నా, రంగులు పూసి తిరునాళ్ళ పరసకు తోలకపోయే ఎద్దు మాదిరి ఉండాది?"

ఉరవకొండ అన్న భూతద్దం కింద పెట్టి, రివిట్లన్నీ సరిగ్గానే ఉన్నాయని చావు కబురు చెప్పినట్టు చెప్పాడు. తప్పు నాదని నేను ఒప్పుకున్నాను. వెంటనే కంపెనీకి ఫోన్ చేస్తే, వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. రంగు మారుస్తాం, కానీ ఈ విడత ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాలి, రెండు మూడేళ్ళు పడుతుంది. మీరే చెప్పండి అన్నారు. వేరే ఏ విషయంలోనైనా మాకు జవాబు వెతుక్కునే పని ఉండేది కాదు. ఒక్క మెట్టు జాగా మారిందని ఇంజన్లు తిప్పి పంపిన వాళ్ళం. కానీ ఆ వేసవిలోనే కంటి డాక్టర్ మామకు చెప్పాడు, కంట్లో నరం ఎండిపోతోంది, ఉన్న చూపు ఏడాది నిలబడితే గొప్ప అని. ఆ మాట తెలిసిన ముగ్గురం ఉగ్గాని ప్లేట్లలోకి చూస్తూ కూర్చున్నాం. నల్ల ఇంజను కావాలంటే ఆయన కళ్ళు ఆగవు. ఆయన కళ్ళకు కావాలంటే తప్పు ఇంజనుకు మేమే సరే అనాలి.

మా ముగ్గురి మొహాలూ చూసి మామే అన్నాడు. "ఏమప్పా, అంత ఆలోచన జేస్తాండారు? అది నల్లగా పుట్టిందనుకుంటిరా? నల్లగా చేసింది మేము. రానీండి, మళ్ళా చేస్తా."

కార్తీకంలో ఇంజను వచ్చింది. మామ పెట్టె విప్పి, కిటికీ వెలుతురులో కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత పెరట్లో స్నానాల నీళ్ళు కాగే కాగు దగ్గరికి పోయాడు. దాని కింద మండేది శనక్కాయ పొట్టే. కాగు అడుగున మసి గీకి, రెండు చుక్కలు శనగనూనె కలిపి, గదిలోకి తెచ్చి, బొటనవేలితో ఇంజనుకు పూయడం మొదలుపెట్టాడు. జీవితంలో ఏ నమూనానూ వట్టి చేత్తో ముట్టని ఉరవకొండ అన్న మొహం తిప్పుకున్నాడు. ఒక పక్క పూర్తయింది. ఆ నలుపును రాయదుర్గం అన్న వంగి చూసి, ఇది ఏ డబ్బాలోనూ దొరకదన్నాడు. మామ రెండో పక్కకు తిప్పేసరికి వెనక అత్త నిలబడి ఉంది. నాకు తెలిసి ఆ గది గడప దాటడం ఆమెకు అదే మొదలు. పచ్చ రంగును, ఎర్ర చక్రాలను కాసేపు చూసింది.

"ఇంత సింగారంగా ఉండే బండి తోలి, అంత మసి యాడి నుంచి తెస్తాంటివి నువ్వు? ఉతికీ ఉతికీ నా చేతులు పాయె" అంది. పచ్చ పక్కకు వేలు చూపి, "ఆ పక్క అట్లే ఉండనీ" అంది.

మామ బొటనవేలు ధోవతికి తుడుచుకున్నాడు. ఆ మరక మీద అత్త ఏమీ అనకపోవడం మేమందరం గమనించాం. ఇంజను ఆ పక్క అలాగే ఉండిపోయింది. తర్వాతి ఉగాది దాకా రోజూ దాన్ని తిప్పాడు, చూపు ఉన్నంత కాలం.

ఇప్పుడు చూపు లేదు. ఈ సాయంత్రం నేను పోయేసరికి స్విచ్ అత్త చేతిలో ఉంది, మామ బల్ల అంచున చెయ్యి ఆనించి అదురు వింటున్నాడు. కొత్త క్యాటలాగులో నల్ల ఇంజను వచ్చిందని, ఈసారి అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పాను. తెప్పిద్దామా అని అడిగాను. నా తప్పు దిద్దుకునే అవకాశం వచ్చిందన్న తొందర నా గొంతులో వినబడే ఉంటుంది.

"వద్దులే అల్లుడా" అన్నాడు. "దానికి మళ్ళా ఒగ పక్క పచ్చ ఎవురు పూయాల?"

అత్త నవ్వలేదు గానీ, బండి వేగం కొంచెం పెంచింది. నేను గోడకానుకుని చూస్తూ ఉండిపోయాను. బండి మన వైపు పట్టాల మీద పోతున్నప్పుడు మసి పక్క కనబడుతుంది, చుట్టు తిరిగి అవతలి అంచుకు పోయాక పచ్చ పక్క కనబడుతుంది. ఇందులో వింతేమీ లేదు, గుండ్రంగా తిరిగే ఏ వస్తువైనా అంతే, పిల్లలకు పాఠం చెప్పిన వాణ్ణి, నాకు తెలుసు. గడిచిన కాలం కూడా అట్లాగే తిరుగుతుందని మాత్రం ఆ పాఠాల్లో లేదు: దగ్గరున్నన్నాళ్ళూ చేతికి మసే అంటుతుంది, పచ్చగా ఉండిందని దూరం పోయాకే కనబడుతుంది.