కొనని బండి

నబీ రసూల్ షేర్ బండి తోలుతాడు. పొద్దున ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు, అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు, సాయంత్రం అదే దారిన వెనక్కి. బస్సు తప్పిపోయినవాళ్లు, బస్సు కోసం నిలబడే ఓపిక లేనివాళ్లు అతని బండి ఎక్కుతారు. ఈ మధ్య ఫోన్ గ్రూపులో సీటు చెప్పుకుని వచ్చేవాళ్లూ పెరిగారు. బండి పాతది. వెనకవైపు ఒక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. ఎవరు దిగాలన్నా అతనే దిగివచ్చి బయటి నుంచి తీయాలి. విసుక్కోకుండా తీస్తాడు.

కువైట్‌లో ఏడేళ్లు ఒక ఇంటి డ్రైవరుగా చేసి వచ్చాడు. ఆ ఇంటి పిల్లలను బడిలో దింపి, ఎండలో బండిలోనే కూర్చుని కాచుకునేవాడు. పిలిస్తే వెళ్లేవాడు, పొమ్మంటే వచ్చేవాడు. నడుము పట్టేసి తిరిగొచ్చాక భార్య మసరత్ వెళ్లింది, వేరే ఇంట్లో వంటపనికి. ఆ ఇంటి మేడం వారమంతా ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇచ్చి, రాత్రికి తీసేసుకుంటుంది. మనకు సాయంత్రమయ్యే వేళకు మసరత్ ఫోన్ వస్తుంది. ఆ వేళకు నబీ రసూల్ ఎక్కడున్నా బండి పక్కకు తీస్తాడు. అతని బండిలో తరచూ తిరిగేవాళ్లకు అది తెలుసు.

రెండు విడతలు చేసింది మసరత్. అక్కడ ఉండటానికి ఇచ్చే అకామా వచ్చే నెలతో అయిపోతుంది. ఈసారి మళ్లీ ముద్ర కొట్టించుకోనని, వచ్చేస్తానని ఆమే చెప్పింది. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే కూతురు ఆర్షియా ఆ మాట విన్నప్పటి నుంచి ఇల్లు సర్దుతూనే ఉంది. మసరత్ పొట్టి. వంటింట్లో అరలు ఆమె చేతికి అందేలా కిందికి దించి కొట్టించాడు నబీ రసూల్. మసరత్ తల్లి జానీబీ ఆ అరల కింద నడిచేటప్పుడల్లా తల కొట్టుకుని, "నా బిడ్డ రాకముందే నన్ను చంపుతారు మీరు" అనేది.

రవిశంకర్ ఒకరోజు జమ్మలమడుగులో ముందు సీట్లో ఎక్కాడు. ప్రొద్దుటూరులో కార్ల షోరూంలో పని. ముప్పై దాటని మనిషి, మెరిసే బూట్లు, మెడలో కార్డు. ఊరు దాటకముందే మొదలుపెట్టాడు.

"మామా, క్లచ్చి అరిగిపోయినట్టుండాదే."

"ఇంకా రొంతకాలం లాగుతాదిలేప్పా."

"లాగుతాది సరే. యాడ దాకా లాగుతాదో చెప్పు. రేపు నడిదోవలో ఆగిపోతే ఈ యమ్మ నెత్తిన గంప పెట్టుకోని నడిచిపోవల్లనా?"

వెనక సీట్లో గంప ఒళ్లో పెట్టుకున్న ఆమె ఊరుకోలేదు. "నన్నెందుకు మధ్యలోకి లాగుతావప్పా? నేను నడిచేదాన్నే. ఆ బూట్లేసుకోని నువ్వు యాడ నడుస్తావో, అది చూసుకో."

అందరూ నవ్వారు. రవిశంకర్ కూడా నవ్వాడు. దిగేటప్పుడు నంబరు అడిగాడు. నబీ రసూల్ ఇచ్చాడు.

ఆ మరుసటి పొద్దు నుంచి ఫోన్లు. ఎక్కడున్నావు మామా, తిన్నావా మామా, కొత్త ఏడు సీట్ల బండి వచ్చిందే, ఒకసారి తోలి చూడరాదా. లోనూ కంతులూ మేం చూసుకుంటాం, పాత బండి మేం తీసుకుంటాం. నబీ రసూల్ "చూస్తాలేప్పా" అనేవాడు. స్టాండులో పక్కబండి డ్రైవరు జాకీర్‌కు అది వేడుక అయింది.

"ఏం రసూలూ, కొత్త పెండ్లాం మాదిరి గంటగంటకీ ఫోనొస్తాండాదే!"

నబీ రసూల్ ఫోన్ ఎత్తడం మానేశాడు. వేరే నంబర్ల నుంచి రావడం మొదలైంది. తెలియని నంబరు ఎవరైనా సీటు కోసం చేసిందేమోనని ఎత్తకుండా ఉండలేడు, ఎత్తితే ఆ గొంతే. షోరూం ముందునుంచి పోవడం మానేసి సందుల్లో తిప్పుకుని స్టాండుకు వచ్చేవాడు. ఒకరోజు ఇంటికి పోతే రవిశంకర్ మంచం మీద కూర్చుని, జానీబీని అవ్వా అని పిలుస్తూ టీ తాగుతున్నాడు. నబీ రసూల్ కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి. తన ఇంట్లోకి తానే అడిగి రావాలేమో అనిపించింది.

నెలాఖరు శుక్రవారం బండి రిపేరుకు ఇచ్చి ఊళ్లోనే ఉన్నాడు. జుమ్మా నమాజు చేసుకుని మసీదు బయటికి వచ్చాడు. చెప్పుల దగ్గర రవిశంకర్ నిలబడి ఉన్నాడు.

"రా మామా, టీ తాగిపోదువు. కొనమని ఎవరన్నారు?"

షోరూంలో తెల్లబండి ఒకటి రిబ్బన్లు కట్టి సిద్ధంగా ఉంది. వేముల నుంచి ఎవరో సాయంత్రం వచ్చి తీసుకుపోతారట. రవిశంకర్ నబీ రసూల్‌ను దాని పక్కకు తీసుకువెళ్లి గొంతు తగ్గించాడు.

"మామా, ఈ నెల అమ్మకంలో ఒక్క బండి తక్కువ పడింది. మేనేజరు నా పానం తీస్తాండాడు. నువ్వు రొంత పక్కన నిలబడు, ఫోటో తీసి పంపిస్తా. ఈ పూటకు ఊరుకుంటాడు. నీ పేరు యాడా రాయను."

చొక్కా కాలరు చెమటకు తడిసి ఉంది. మేనేజరు కూర్చునే అద్దాల గది వైపు పదేపదే చూస్తున్నాడు. ఆ చూపు కువైట్ రోజుల నుంచి నబీ రసూల్‌కు తెలిసిందే. అతను నిలబడ్డాడు. భుజాల మీద శాలువా కప్పారు. చేతికి అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఇచ్చారు. మిఠాయి పెట్టె ఇంకొకరు పట్టుకున్నారు. అక్కడ పనిచేసే ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు.

"రొంత నవ్వు మామా," అన్నాడు రవిశంకర్. నవ్వాడు.

ఆ సాయంత్రం మసరత్ ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పాలని కూడా అతనికి తోచలేదు. చెప్పుకునేంత గొప్ప పనేం కాదు. ఆమె టికెట్ గురించి, ఆర్షియాకు తేవలసిన సబ్బుల గురించి మాట్లాడింది.

శనివారం లేచి చూస్తే ఫోన్‌లో ఆమె గొంతు ఉంది. రాత్రి పంపింది.

"ఫోటో చూసినాను. ఏమయ్యా, నాకొక మాటన్నా చెప్పకపోతివే! ఈడ పనిచేసే వేంపల్లె ఫాతిమా లేదా, ఆమె పంపిచ్చింది, మీ ఆయన కొత్త బండి తీసుకున్నాడని. శాలువాలో బాగుండావు. నేనేం కోపం చేసుకోలేదులే. ఆ పాత బండిలో నీ నడుము ఏమైపోతాదోనని నాకూ బయమే. కంతుల గురించి దిగులు పడొద్దు. ఉంటావా పోతావా అని మేడం అడుగుతాండాది, ఈ వారంలో చెప్పాల. ఉంటానని చెప్తా. రెండేండ్లు ఎంతసేపు? ఆర్షియాకు రొంత నిదానంగా చెప్పు. మేడం ఫోన్ అడుగుతాండాది, పెడతా."

రవిశంకర్ ముందురోజే ఆ ఫోటోను తన స్టేటస్‌లో పెట్టాడు. జాకీర్ దాన్ని స్టాండు గ్రూపులో వేశాడు. స్టాండు గ్రూపులో ఉన్న సగం మందికి కువైట్‌లో ఎవరో ఒకరు ఉన్నారు.

నబీ రసూల్ వెంటనే తన గొంతుతోనే జవాబు పంపాడు. అది నా బండి కాదు మసరత్, మేడంకు ఏం చెప్పొద్దు, నువ్వు వచ్చెయ్. మెసేజ్ పక్కన ఒక గీతే పడింది. ఆపేసి బీరువాలో పెట్టిన ఫోన్‌కు రెండో గీత పడదు.

వెనక నిలబడి ఆర్షియా అంతా వింది. "అమ్మ రాదా నాయనా?"

"వస్తాదిలేమ్మా. చెప్తాను గదా."

తిన్నగా షోరూంకు వెళ్లాడు. ఈసారి సందుల్లో తిరగలేదు. రవిశంకర్ మారుమాట లేకుండా స్టేటస్ నుంచి ఫోటో తీసేశాడు, తీసేసినట్టు చూపించాడు కూడా. నబీ రసూల్ మసరత్ సంగతి చెప్పాడు. అంతా విని రవిశంకర్ మొహం వెలిగింది.

"అయితే అక్క ఉంటానంటాండాదా? ఇంగ బయమేంది మామా? ఆమే ఒప్పుకున్యాక కంతులు వాటంతటవే తీరిపోతాయి. ఈ పొద్దే బుక్ చేద్దాం."

నబీ రసూల్ బయటికి వచ్చాడు. బండి ఎక్కి స్టాండుకు పోయాడు.

జమ్మలమడుగు బడిలో పంతులమ్మ కాత్యాయని రోజూ అతని బండిలోనే వస్తుంది. సోమవారం అతను రెండుసార్లు గేరు తప్పు వేశాక కారణం అడిగింది. చెప్పాడు.

"ఆ మేడం నంబరు లేదా నీ దగ్గర?"

"ఉండాది టీచరమ్మా."

"మరి చెయ్యరాదూ?"

"మొదటి ఏడు ఆర్షియాకు జరం వచ్చినబ్బుడు చేసినా. మొగగొంతు ఎవరిదని గొడవైంది. శానాదినాలు మసరత్‌కు ఫోనే ఇయ్యలేదు. ఆ ఇండ్లు నాకు తెలుసు టీచరమ్మా. పనిమనిషికి ఒకడు ఫోన్ చేసినాడంటే ఏమేమో అనుకుంటారు. ఇబ్బుడు నేను చేసి, ఆమె మీదికి ఏమన్నా వస్తే?"

కాత్యాయని దిగేటప్పుడు, "శుక్రవారం దాకా ఆగితే ఆలస్యమైపోతుందేమో చూసుకో" అంది.

ఆ మాట అతన్ని వదల్లేదు. బుధవారం పులివెందుల స్టాండులో జనం ఎక్కుతుండగా, చీనీకాయల లారీ చాటుకు వెళ్లి మేడం నంబరు నొక్కాడు. మోగింది. "అలో?" అంది మేడం. తర్వాత ఎవరని అడిగింది. నబీ రసూల్ నోరు తెరిచాడు. అతనికి వచ్చిన అరబ్బీ అంతా జవాబులే. వస్తున్నానమ్మా, అయిపోయిందమ్మా, తప్పైందమ్మా. తనంతట తాను మొదలుపెట్టే మాట ఒక్కటీ అతనికి రాదు. మేడం గొంతు పెరిగింది. పెట్టేశాడు.

బండి ఊరు దాటకముందే ఆ నంబరు తిరిగి చేసింది. స్టీరింగు పక్కన ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది.

"ఎత్తప్పా," అన్నాడు ముందు సీటు మనిషి. "బయటి దేశం నంబరు మాదిరుండాది."

"రాంగ్ నంబరు."

"రాంగ్ నంబరు ఇన్నిసార్లు చేస్తాదా?"

నబీ రసూల్ రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. ఎదురుగా వచ్చే సిమెంటు లారీలన్నీ తన వైపే వస్తున్నట్టు అనిపించింది. ముద్దనూరు వచ్చేసరికి ఫోన్ ఆగిపోయింది. ఆగిపోయాక భయం ఇంకా పెరిగింది. ఆమె ఇప్పుడు ఎవరిని అడుగుతోంది? ఎవరి నంబరని మసరత్‌ను నిలదీస్తోందా? గురువారం అన్నం సయించలేదు. జానీబీ కలిపి ముద్దలు పెట్టబోతే లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం సాయంత్రం పులివెందులలో బండి నిండింది. ప్రతి శుక్రవారం ఫోన్ వచ్చే వేళ అయింది, దాటింది. అతను బండి తీయడం లేదు. ఎక్కినవాళ్లు ఊరుకుంటారా.

"ఏమప్పా, పోతాండామా? ఈడనే కాపురం పెడదామా?"

తీశాడు. సిగ్నల్ పోతుందేమోనని నిదానంగా తోలాడు. అరటితోటలు దాటాయి. దారిలో ఆటోలు కూడా అతన్ని దాటిపోయాయి. "ఎద్దులబండి ఎక్కినామేందిరా దేవుడా," అని వెనకనుంచి ఒకాయన మొత్తుకున్నాడు. ముద్దనూరు ఇంకా కొంతదూరం ఉందనగా ఫోన్ మోగింది. మసరత్. బండి రోడ్డు దించి ఆపాడు.

"బాగుండావా? మేడం ఏమన్నా అన్నాదా?"

"బాగనే ఉండా. ఏమట్లా రొప్పుతాండావు?"

"మసరత్, నేను బండి కొనలేదు. అది ఎవరిదో. పక్కన నిలబడమంటే నిలబడినా."

మసరత్ నమ్మలేదు. "నన్ను రప్పిద్దామని చెప్తాండావు."

"అల్లా మీద ఒట్టు." వీడియో పెట్టి పాత బండిని చూపించాడు. పగిలిన సీట్లు చూపించాడు. ముందు సీటు మనిషి తనంతట తనే ఫోన్ వైపు వంగి, "అవునమ్మా, ఇది కొత్త బండైతే నేను కలెక్టరును" అన్నాడు.

మసరత్ నవ్వలేదు. ఆమె వెనక తెల్లటి పలకల గోడ కనిపిస్తోంది. చాలాసేపు చూసి అడిగింది.

"బుధవారం మేడంకు ఫోన్ చేసింది నువ్వేనా?"

అతను తలూపాడు.

"నేను పక్కనే ఉన్నానయ్యా. ఆమె పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతాంటి. నా పేరు ఒక్కసారి అనింటే ఫోన్ నాకే ఇచ్చుండు. మాట్లాడకుండా పెట్టేస్తివి. మళ్లా చేస్తే ఎత్తకపోతివి. నీకోసం ఎవడో చేస్తాండాడు, నువ్వు పారిపోయే ఆలోచనలో ఉండావని నా మీద పడింది. ఉండేదైతే ఇబ్బుడే సంతకం పెట్టు, లేకుంటే ఇంకొకదాన్ని తెప్పిస్తా, నీ టికెట్ కూడా ఇయ్యనన్నాది. బయమైంది. బండి కంతులు ఉండాయి గదా అనుకుంటి. సంతకం పెట్టేసినా."

"ఇబ్బుడు చెప్తే?"

"పాస్‌పోర్టు నిన్ననే అకామా కొట్టించేదానికి పోయింది. ఇంగేం చెప్తా?"

పక్కనుంచి లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది.

"తీసుకోవాలంటే తీసుకో ఆ బండి," అంది మసరత్. "ఎట్లాగూ ఉండాల్సిందే గదా. ఏ కారణం లేకుండా ఊరికే ఉంటే ఈడ పొద్దు పోదు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆర్షియాకు నువ్వే చెప్పు. నాకి నోరు రాదు."

ఫోన్ పెట్టేసింది. అతను దాన్ని జేబులో పెట్టుకోబోతుండగా మళ్లీ మోగింది. ఇంటి నుంచి.

"నాయనా, అమ్మ చేసిందా?"

"చేసిందమ్మా."

"చెప్పినావా, బండి మనది కాదని? ఎబ్బుడొస్తాదంట?"

ముందు సీటు మనిషి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నబీ రసూల్ ఇంటికి వచ్చి చెప్తానని అనబోయాడు. ఇంటికి పోయాక కూడా చెప్పాల్సింది ఇదే మాట.

"ఈసారికి రాదమ్మా. సంతకం పెట్టేసిందంట. నేను మేడంకు చేసి మాట్లాడకుండా పెట్టేసినాను. దాని వల్లనే."

అవతల కుక్కరు కూత వినిపించింది. ఎవరో స్టవ్ ఆపారు.

"సరే నాయనా," అంది ఆర్షియా. "చీకటి పడతాండాది. నిదానంగా తోలుకోని రా."