రోమా రాళ్ళూ, నా పెద్ద సంచీ

"సంచి పోతే పోయింది. ఇవాళ వెనక్కి వెళ్ళకక్కా," అంది మా చెల్లి.

"ఎంత తేలిగ్గా అన్నావే. అందులో ఏమున్నాయో తెలుసా నీకు?"

"తెలుసు. సబ్బులు, పాలపొడి డబ్బాలు, ఎవరో పారేసిన దుప్పటి."

"పారేసింది కాదు. మామా ఇచ్చింది."

"మామా ఇచ్చిందంటే పారేసినట్టే. ఆ దుప్పటి కోసం జోర్డాన్ వెళ్ళి ఎవరింట్లోనో పడి ఉంటావా?"

"పడి ఉంటానని నేనన్నానా?"

"ఇందాకట్నించీ నువ్వు చెప్పిందేంటి మరి? నేనేమన్నా కలగన్నానా?"

"భయంగా ఉందన్నాను. అంతే అన్నాను."

"భయముంటే ఇక్కడుండు. భయం లేకపోతే వెళ్ళు. వెళ్ళి రోమా రాళ్ళు చూసి రా, కలెక్టరు గారి భార్యలాగా."

కువైట్‌లో, ఫర్వానియాలో మా చెల్లి ఉండే గదిలో జరిగింది ఇది. ఒకే గదిలో ఆరుగురు ఆడాళ్ళు, మంచం మీద మంచం, మంచానికో చీర తెర. మా చెల్లి ఆఫీసులు తుడిచే పనికి వెళ్ళేది. నేను మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో ఉండేదాన్ని. ఆ ఇంటావిణ్ణి అందరిలాగే నేనూ మామా అనే పిలిచేదాన్ని. శుక్రవారం చర్చికి వెళ్ళనిచ్చేవారు. ప్రార్థన అయ్యాక చెల్లి గదికొచ్చి ఇంత చేపల పులుసు తిని, సాయంత్రం బస్సెక్కి పనింటికి పోయేదాన్ని. ఆ శుక్రవారం పులుసు కంచంలోనే ఉండిపోయింది.

సంగతేంటంటే, మామా వాళ్ళ అమ్మాయి కాలేజీలో పాతకాలపు కట్టడాల గురించి చదువుతోంది. జోర్డాన్‌లో రోమా వాళ్ళు కట్టి వదిలేసిన ఊరొకటి ఉందట. స్తంభాలు, మెట్లు, పైకప్పు లేని గోడలు. అది చూడాలని ఆ పిల్ల రెండు నెలలుగా వాళ్ళ నాన్న ప్రాణం తీసింది. రోమా వాళ్ళంటే నాకు తెలిసింది ఒక్కటే, ప్రభువుకి మేకులు కొట్టినవాళ్ళని. వాళ్ళ ఇళ్ళు కూలిపోతే మంచిదే అనుకున్నాను. కూలిన గోడలు చూడ్డానికి ఇంతమంది కారేసుకుని దేశాలు దాటి వెళ్ళడమేంటో నాకర్థం కాలేదు. గోదావరి పక్కన మా ఊళ్ళో గాలివాన వెలిసిన మర్నాడు అలాంటివి ఊరికే చూడొచ్చు.

నన్ను కూడా తీసుకెళ్తామన్నారు. ఫోటో తీయించారు, కాగితాల మీద సంతకం పెట్టమన్నారు. మూడో తరగతి చదువుకి వచ్చిన సంతకం అది, పెట్టాను. అంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు ఇస్త్రీ చేస్తుంటే మామా ఫోన్లో మాట్లాడుతోంది. అవతల ఉన్నది వాళ్ళ అక్క. జోర్డాన్‌లో కాపురం ఉంటుంది. మాటల మధ్యలో మామా అంది, "ఖద్దామా తగద్ ఇందిచ్."

ఖద్దామా అంటే పనిమనిషి, నేనే. ఇందిచ్ అంటే నీ దగ్గర. తగద్ దగ్గర ఆగిపోయాను. అరబ్బీలో కూర్చోడానికీ ఉండిపోడానికీ ఒకటే మాట. నాకొచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. కడుగు, తుడువు, తే, కూర్చో. మన మాటలో ఉండు అన్నట్టే అది కూడా. బస్సు దగ్గర ఉండమంటే కాసేపే. కోడల్ని అత్తారింట్లో ఉండమంటే జన్మంతా. పనిమనిషి నీ దగ్గర ఉంటుంది అని అక్కతో చెప్పిందంటే, ఏ ఉండటం అది?

అలా ఇచ్చేసినవాళ్ళ గురించి నేను విన్నాను. ముబారక్ అల్ కబీర్‌లో ఒకామెను పెళ్ళైన కూతురికి ఇచ్చారు, అక్కణ్ణించి ఆడబిడ్డకిచ్చారు. వంటగిన్నె ఇచ్చినట్టు. అదైనా కువైట్‌లోనే. నన్ను వేరే దేశంలో ఇచ్చేస్తే నా ఇఖామా, కువైట్‌లో ఉండనిచ్చే కార్డు, ఇక్కడ చెల్లదు. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంటుంది. అక్కడ నాకు ఒక్క తెలుగు మొహం తెలీదు. ఊళ్ళో నా మనవరాలు నర్సింగు రెండో ఏడు చదువుతోంది. నేనిక్కడ నిలబడితేనే అదక్కడ నిలబడేది. నా కూతురు దాన్ని నా చేతిలో పెట్టి పోయింది కాబట్టి ఇంకెవర్నీ అడిగేది లేదు.

ఇదంతా చెల్లికి చెప్పాను, మర్నాడే ప్రయాణమని కూడా. అందుకే అది వెనక్కి వెళ్ళొద్దని పట్టుబట్టింది.

"ఇక్కడుండిపోతే ఏమవుతాను?" అన్నాను.

"ఏమవుతావు, కల్లివల్లి అవుతావు. ఎంతమంది అవ్వట్లేదు?"

వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీలు ఇంట్లోంచి పారిపోయి కాగితాల్లేకుండా తిరిగేవాళ్ళని మావాళ్ళు కల్లివల్లి అంటారు. ఆ మాట వినగానే మూల మంచం తెర కదిలింది. అందులో ఉన్నామె కూడా కల్లివల్లే, మా పక్క జిల్లా మనిషి. చెంప వాచిపోయి తలకి తుండు కట్టుకుని కూర్చుంది. పంటి నొప్పి.

"ఆసుపత్రి ఇక్కడేగా, చూపించుకోవచ్చుగా," అన్నాను.

"ఇఖామా అడుగుతారండి," అందామె. "లవంగం పెట్టుకున్నాను. తగ్గిపోద్ది."

"ఎన్నాళ్ళైంది?"

"నొప్పా అండి? బయటికొచ్చా?"

నేను రెండోది అడగలేదు. ఆమె తెర మళ్ళీ వేసుకుని పడుకుంది. కింద వీధిలో ఏదో బండి సైరను వేసుకుంటూ పోతే ఆ తెర వెనక మంచం కిర్రుమంది. ఆమె లేచి కూర్చుందని తెలిసింది.

నేను లేచి చెప్పులేసుకున్నాను.

"వెళ్తున్నావా?" అంది చెల్లి.

"వెళ్తున్నాను."

"సంచి కోసమేనా?"

"నీకు నోరు ఎక్కువైందే."

మెట్ల దాకా వచ్చింది. అక్కడ నా చేతిలో దాని ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టింది. నాకు ఆ నంబరు నోటికొచ్చు. అయినా తీసుకున్నాను. "అక్కడ ఎవరికైనా చూపించు, చేసిస్తారు," అంది. నేను దాని మొహం చూడకుండా దిగిపోయాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అరబ్బీ మాటలు పేర్చుకున్నాను. మామా, నేను అక్కడ ఎంతసేపు కూర్చోవాలి? అది సరిపోదు. మామా, నేను అక్కడే కూర్చుంటానా? అది ఇంకా తప్పు, కుర్చీ వేయిస్తుంది. వేళ్ళు చల్లబడ్డాయి. ఎండలు ముదిరే కాలం, బస్సులో అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు, నా ఒక్కదాని వేళ్ళే చల్లగా ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేసరికి హాల్లో తివాచీ నిండా బొమ్మలున్న కాగితాలు. పిల్ల వాటి మధ్య మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళమ్మతో వాదిస్తోంది. మొదటి రోజు స్తంభాల వీధి, రెండోరోజు నాటకాలాడే మెట్ల చోటు, మూడోరోజు గుళ్ళు అంటుంది. మామా ఒక్కరోజు రాళ్ళు చాలంటుంది, మిగతా రోజులు బజారు, అక్కతో కబుర్లు. బాబా, అంటే ఇంటాయన, టీవీ చూస్తున్నాడు, ఎటూ కలగజేసుకోలేదు. నేను టీ పెట్టి తెచ్చాను.

పిల్ల నన్ను చూసి ఒక బొమ్మ ఎత్తి చూపించింది. గుండ్రంగా నిలబెట్టిన స్తంభాలు, మధ్యలో ఖాళీ నేల. "నువ్వు కూడా రా, చూద్దువుగాని," అంది.

మామా తల ఎత్తకుండానే అంది, "లేదు. అది తగద్."

మళ్ళీ అదే మాట. అడుగు, ఇప్పుడే అడుగు అనుకున్నాను. నోరు తెరిచాను. "పంచదార?" అన్నాను.

పని ముగించుకుని నా గదిలోకొచ్చి సంచి కిందకి దించాను. పెద్దది, జిప్పు పోతే నేనే కుట్టుకున్నది. నన్ను అక్కడ వదిలేస్తారో లేదో తెలీదు. వదిలేస్తే మాత్రం నా వస్తువులు ఈ ఇంట్లో వదలను అనుకున్నాను. సబ్బులు, పాలపొడి, దుప్పటి, మనవరాలికి దాచిన చేతిగడియారం, తెల్ల బూట్లు, నా బైబిలు, స్వెట్టరు, ఖాళీ టాంగ్ సీసాలు రెండు. గోడకి కొట్టిన మేకు కూడా పీకుదామనుకుని ఆగాను. ఆ మేకు నేను కొన్నదే. చెల్లి ఇచ్చిన చీటీ నైటీ లోపలి జేబులో పెట్టి పైన పిన్నీసు కొట్టాను. ప్రార్థన చేద్దామని కూర్చుంటే మాటలు రాలేదు. అక్కడే ఉంచకు తండ్రీ అన్నాను, అంతే. ఆయన భాషలో ఉండటానికి ఎన్ని అర్థాలున్నాయో అని కూడా భయమేసింది.

తెల్లవారుజామున వాళ్ళ నమాజు కాగానే బాబా కారు తీశాడు. నేను సంచి ఈడ్చుకుంటూ వాకిట్లోకొచ్చాను. మామా డిక్కీ దగ్గర నిలబడి ఐసు పెట్టె సర్దుతోంది. సంచి వంక చూసింది.

"ఇదేంటి?"

"నా సామాను, మామా."

"ఎంత సామాను?"

"అంతా."

"అంతా ఎందుకు? నాలుగు రోజులకి?"

నాలుగు రోజులు అన్నది నాకు వినబడింది. అయినా కాళ్ళు కదల్లేదు. నాలుగు రోజులు వాళ్ళకా, నాకా? బస్సులో పేర్చుకున్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. "నేను తగద్ అక్కడ?" అన్నాను.

మామా విసుక్కుంది. ఆవిడకి నా భయం అర్థమైందని నేననుకోను. మా అక్కకి మోకాలు బాగాలేదు, మేం ఎండలో రాళ్ళెంట తిరుగుతుంటే నువ్వు ఆవిడ దగ్గర కూర్చుంటావు అంది. తర్వాత సంచిని కాలితో పక్కకి నెట్టి, డిక్కీలో చోటు లేదు, లోపల పెట్టెయ్యి అంది. అక్కడితో ఆగలేదు. మనం వచ్చేసరికి ఇల్లంతా దుమ్ము పట్టి ఉంటుంది, వచ్చిన మర్నాడు డాబా, మెట్లు కడగాలి, కిటికీలు కూడా, పోయినసారిలాగా మూలలు వదిలేస్తే ఊరుకోను అంది.

"అలాగే మామా," అన్నాను.

సంచి లోపలికి మోసుకెళ్ళి మంచం కింద పెట్టాను. రెండు నైటీలు, బైబిలు, స్వెట్టరు తీసి ప్లాస్టిక్ కవర్లో వేసుకున్నాను. పిన్నీసు తీయలేదు. పాస్‌పోర్టులన్నీ బాబా చేతిసంచిలో ఉన్నాయి, నాది కూడా అందులోనే. వెనక సీట్లో పిల్ల పక్కన కూర్చున్నాను. ఐసు పెట్టెకి డిక్కీలో చోటు చాలక నా ఒళ్ళో పెట్టారు. కారు బయల్దేరింది.