గుట్ట వెనక దిగిన చుక్క

మొన్న సాయంత్రం కోమటిచెరువు కట్ట మీద నాలుగడుగులు వేద్దామని పోతే, నడవడానికి వచ్చినవాళ్లంతా నడక మానేసి పడమటి దిక్కుకు ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఏమిటా అని చూస్తే, నీళ్లకవతల మసక వెలుతురులో శుక్రుడు నిమ్మళంగా మెరుస్తున్నాడు. నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే మా అల్లుడు ఆ చుక్క చుట్టూ ఎర్రటి సున్నా గీసి, వెనక గుండెలదిరే సంగీతం పెట్టి, సిద్దిపేట మీద ఎగిరే పళ్లెం అంటూ చుట్టాల గ్రూపులో వేశాడు. దాని కింద దండం పెట్టే బొమ్మలు, నోరు తెరిచిన బొమ్మలు, డాక్టరీ చదివిన మేనకోడలి దగ్గర్నుంచి నిజమేనా అన్న ప్రశ్న. నాకు రోత పుట్టింది. అన్నం కూడా సయించలేదు.

నన్నెరిగినవాళ్లు ఈ మాటకు నవ్వుకుంటారు. కోతలు కోయడంలో నా అంతటివాడు ఈ చుట్టుపక్కల లేడని నాకూ తెలుసు. ఉరుముకు బెదిరి మా బర్రె ఏకంగా పెరుగే ఇచ్చిందని హుస్నాబాద్ బస్సులో నా సీట్లోవాళ్లందర్నీ నమ్మించినవాణ్ని. కానీ అయ్యా, ఆ కోత కోయడానికి ముందు నేను బర్రెను చూశాను, ఉరుముకు అది చెవులు ఎట్లా రిక్కిస్తుందో చూశాను. అబద్ధానికి కూడా ఒక పనితనం ఉంటుంది. ఉన్నదేదో కళ్లారా చూసినవాడికే దాన్ని ఎక్కడ వంచాలో తెలుస్తుంది. తల ఎత్తి సరిగ్గా చూడకుండానే చెప్పే అబద్ధం, చెయ్యి కడుక్కోకుండా వడ్డించిన అన్నం లాంటిది.

ఈ రోత నాకు కొత్త కూడా కాదు. మీసాలు మొలుస్తున్న వయసులోనే, దుబ్బాక పక్కన మా ఊళ్లో, మా ఇంట్లోనే ఒకసారి దీన్ని కడుపునిండా అనుభవించాను. అప్పట్లో మా బాపు మగ్గం నేసేవాడు, అక్క నూలు కండెలు చుట్టేది. అక్కకు పడమటి గుట్టకవతలి ఊళ్లో సంబంధం కుదిరింది. పిల్లవాడు నెమ్మదస్తుడు, అక్కకు నచ్చాడు. నచ్చాడని ఆమె నోటితో చెప్పలేదు గానీ, ఆ రోజుల్లో ఆమె చుట్టిన కండెల్లో ఒక్క పోగు కూడా తెగేది కాదు. ముహూర్తం అనుకునేసరికి శుక్ర మూఢం వచ్చిపడింది. మన తరం వాళ్లకు చెప్పనక్కరలేదు, శుక్రుడు సూర్యుడి వెలుగులో మునిగి కనబడని ఆ రోజుల్లో ఎవరూ పెళ్లి చేయరు. రెండు నెలలు ఎదురుచూపే. మా నాయినమ్మ గుడికి పోయేది దేవుడి కోసమో, పంతులును పట్టుకుని చుక్క ఎప్పుడు పొడుస్తుందని సతాయించడానికో చెప్పడం కష్టం.

చివరికి మూఢం వెళ్లింది, ముహూర్తం పెట్టారు, పసుపు కూడా దంచారు. సరిగ్గా ఆ వారంలోనే పొద్దు గూకగానే గుట్ట మీద ఒక దీపం లాంటిది వేలాడడం, కాసేపటికి గుట్ట వెనక్కి దిగిపోవడం ఊరంతా చూసింది. మా చిన్నాయన ఏదో వారపత్రికలో ఎగిరే పళ్లేల గురించి చదివి ఉన్నాడు. ఇంకేం కావాలి? మొదటి రోజు అది పళ్లెమే, రెండో రోజుకు దానికి కిటికీలు వచ్చాయి, ఆ తర్వాత కిటికీల్లో మనుషులు వచ్చారు, ఆ మనుషులకు ముక్కులు పోయాయి. అది దిగేది గుట్ట అవతలి ఊళ్లోనేనని, అంటే అక్క అత్తగారి ఊళ్లోనేనని కూడా ఆయనే తేల్చాడు. చూశావా అని నేనడిగితే, చూసేదేముంది, అచ్చయింది కదా అన్నాడు. అంత ఆలోచన లేని కోత నేను అప్పటివరకు వినలేదు.

ముక్కులు లేనివాళ్లు దిగే ఊరికి పిల్లను పంపేది లేదని నాయినమ్మ మంచం మీద అడ్డం పడుకుంది. ఆమె మాట దాటే ధైర్యం మా బాపుకు లేదు. ఈ కబురు చెవిన పడి, పిల్లవాడి తండ్రి మర్నాడు సాయంత్రమే సైకిలేసుకుని వచ్చాడు. పెట్టిన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"మా ఊళ్లె దిగుతదని ఎవడు చెప్పిండు బావా? మా ఊరికెల్లి చూస్తే గది అవుతలి ఊరి గుట్టెనుక దిగుతది. ఆ ఊరోళ్లనడిగితే ఇంకో ఊరంటున్రు. మరి యాడ దిగుతున్నట్టు?"

"యాడనో ఒక్కకాడ దిగుతది గదా," అంది నాయినమ్మ మంచం మీది నుంచే.

ఆయన మొహం నల్లబడింది. ఈ ముహూర్తం తప్పితే ఆషాఢం వస్తుందని, అప్పటిదాకా కొడుకును కూర్చోబెట్టనని, తమ కోసం వేరే సంబంధాలు కాచుకుని ఉన్నాయని చెప్పి సైకిలు స్టాండు తీశాడు. మా బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నిజంగానే ఆ సంబంధం అప్పుడు గడప దాటిపోతోంది. అదిగో, అప్పుడు ఇంటి వెనక నుంచి అక్క వచ్చింది, చేతిలో కండె అట్లాగే ఉంది. మగవాళ్ల మధ్య నోరు విప్పడం నేను ఆమెలో అంతకుముందు చూడలేదు.

"రెండు నెలల సంది ఇంటెనుక కూసోని గా దిక్కే చూస్తున్న నాయినమ్మా. ఏం లేకుండె. పంతులు మూఢం పోయిందన్నప్పుడు గుట్ట మీద సన్నగ కనబడ్డది. రోజింత పైకొస్తుంది. మీరు అడిగిన చుక్క గదే. చుక్క లేదని పెండ్లి ఆపిన్రు, ఇప్పుడు చుక్క ఉన్నదని ఆపుతున్రా?"

చిన్నాయన మాత్రం గొంతు సవరించుకుని, "చుక్కయితే ఏంది, చుక్కల మనుషులుండరా?" అన్నాడు. నాయినమ్మ లేచి కూర్చుంది. "ముక్కు లేనిది వాళ్లకు గాదుర, సిగ్గు లేనిది నీకు," అని, వచ్చినాయనకు చాయ్ పెట్టమని అమ్మను కసిరింది. ఆయన సైకిలుకు మళ్లీ స్టాండు వేసి, గుట్ట వైపు చాలాసేపు చూసి నవ్వాడు. "మావోనికి పక్కనున్నది కూడ కనబడది బావా. గీ పిల్లొస్తే మా ఇంటికి కండ్లొచ్చినట్టే," అన్నాడు.

పెళ్లి అనుకున్న ముహూర్తానికే అయింది. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో, పంతులు ఇద్దరినీ పందిరి బయటికి తీసుకొచ్చి ఆకాశం వైపు వేలు చూపించి, అరుంధతి కనబడ్డదా అని అడిగాడు. తరతరాలుగా దానికి ఒకటే జవాబు. బావ వెంటనే కనబడ్డదన్నాడు. అక్క మాత్రం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఓపికగా వెతికి వెతికి, "కనబడుత లేదు పంతులూ," అంది. బాజాలవాళ్లు కూడా వాయించడం ఆపేశారు. బావ ఆమె మొహం చూసి, మళ్లీ పైకి చూసి, నాకు కూడా కనబడడం లేదని చిన్నగా ఒప్పుకున్నాడు. వాళ్లిద్దరి మధ్య పెళ్లి నిజంగా జరిగింది ఆ నిమిషంలోనేనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు మూఢం ఎప్పుడొచ్చేదీ ఎప్పుడు పోయేదీ ఫోనే చెబుతుంది, చుక్క కోసం ఇంటి వెనక కూర్చునే ఆడపిల్ల ఎక్కడా లేదు. ఫంక్షన్ హాల్లో పంతులు పైకి వేలు చూపిస్తే, అక్కడుండేది దీపాల గుత్తి. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ చూసేది కెమెరా వైపు. అందరికీ అరుంధతి కనబడుతుంది, అందరికీ పళ్లేలు కనబడతాయి. బతుకంతా కోతలు కోసినవాణ్ని, నా బాధ మీతో చెప్పుకోక ఎవరితో చెప్పుకోను? నాకు కనబడడం లేదు అని మొహం మీద చెప్పే మనిషి ఎదురుగా ఉన్నన్నాళ్లే కోత కోయడంలో రుచి. అక్క పోయినప్పటి నుంచి నేను ఏం చెప్పినా నమ్ముతున్నారు.