బాంబు పాట క్యాసెట్టు

క్యాసెట్టుకు ఐదు స్క్రూలుంటాయి. మూలకొకటి చొప్పున నాలుగు, నడుమ ఒకటి. రాజనర్సు నాలుగూ తీసి సీసా మూతలో వేశాడు. నడిమిది మాత్రం తుప్పు పట్టి కదలనంటోంది. దాని తల మీద కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, నూనె దిగేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది రాజన్నా, ఊడుతలేదా?" ఎదురుగా స్టూలు మీదున్న శంకరమ్మ మెడ ముందుకు చాపింది.

"ఊడుతది అక్కా. తొందరపెడితే తల పోతది."

"నీదా, దానిదా?"

రాజనర్సు నవ్వాడు గానీ చూపు క్యాసెట్టు మీంచి తిప్పలేదు.

బోధన్‌లో, శక్కర్‌నగర్‌కు పోయే దారిలో అతనికో గది. బోర్డు మీద ఇప్పటికీ 'రేడియో, టేప్‌రికార్డర్లు బాగుచేయబడును' అని ఉంటుంది. లోపల మాత్రం ఉన్నవన్నీ మిక్సీలు, కూలర్ మోటార్లు, డీజే వాళ్ల ఆంప్లిఫయర్లు. ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ, తల్లి బీడీలు చుట్టేది. పదమూడేళ్లప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క రేడియోనూ విప్పేశాడు. మళ్లీ బిగించడానికి పది రోజులు పట్టింది, ఆ పది రోజులూ తల్లి అతనితో మాట్లాడలేదు. పదకొండో రోజు రేడియో పలికింది, తల్లీ పలికింది. తర్వాత గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చే పెద్ద పెద్ద టేప్‌రికార్డర్ల మీద చేయి తిరిగింది. క్యాసెట్ల కాలం పోయింది. చేయి మాత్రం పోలేదు.

నూనె దిగింది. స్క్రూ కిర్రుమని తిరిగింది. పై డిప్ప ఎత్తగానే పొగాకు వాసన గుప్పుమంది.

"దీన్ని యాడ దాచిపెట్టినవక్కా?"

"తంబాకు డబ్బల. చెదలు పట్టయని."

చెదలు పట్టలేదు, నిజమే. టేపు చుట్టల మధ్య పొగాకు పొడి మాత్రం పట్టింది. ఒకచోట టేపు ఎప్పుడో తెగింది. బీడీ కట్టకు చుట్టే లేబుల్ ముక్కతో, బంకతో ఎవరో అతికించారు. రాజనర్సు దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాడు. అంచుకు అంచు, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎవరు అతికిచ్చిండ్రు గిది?"

"రేణుక. మాతోని బీడీలు సుట్టేది."

"మంచి చెయ్యి," అన్నాడు రాజనర్సు. అతని నోట అంతకు మించిన పొగడ్త రాదు.

ఇరవై ఏడేళ్ల కిందటి ఎండాకాలం సంగతి అది. ఎడారిలో అణుబాంబు పరీక్షలు చేశామని మనవాళ్లు, మేమూ చేశామని అవతలివాళ్లు. బాంబు పడితే ముందు చక్కెర ఫ్యాక్టరీ మీదే పడుతుందని, తర్వాత పోచంపాడు డ్యాం మీదని గల్లీలో ఎవరో తేల్చేశారు. శంకరమ్మ పిల్లలు రోజూ పొద్దు గుంకితే చాలు మంచం కింద దూరేవాళ్లు. ఆ దూరుడు చూడలేక ఆమె ఒక పాట కట్టింది. ఇద్దరు చెల్లెళ్లతో కలిసి అరుగు మీద కూర్చుని, ఒడిలో చాటలు పెట్టుకుని, బీడీలు చుట్టుకుంటూనే పాడింది. రేణుకమ్మ భర్త ముత్తన్న బహ్రెయిన్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్‌లో దాన్ని ఎక్కించాడు.

సైరన్ మోగె ఓ సెల్లె, సైరన్ మోగె
బాంబు దిగెనో సెల్లె, షిఫ్టు దిగెనో
బాంబు సారే వస్తె జర ఆగుమనవే
వెయ్యి బీడీ సుట్టి నేను సెయ్యి కడుగొస్త

ఆ ఏడు బోధన్ ఆటోలన్నిటా అదే మోత. నిజామాబాద్ బస్టాండులో కూడా వినబడింది. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు, దాన్నుంచి ఇంకోదానికి, ఇదే గదిలో రాజనర్సే వందకు పైగా కాపీలు తీశాడు. ఒక్కో కాపీకి పాట కొంచెం మసకబారేది, బుసబుస కొంచెం పెరిగేది. ఎవరూ పట్టించుకోలేదు. రెండేళ్లకు వాటి మీదే సినిమా పాటలు ఎక్కించుకున్నారు. చివరికి మిగిలింది ఈ అసలు క్యాసెట్టు ఒక్కటే.

ఇప్పుడు మళ్లీ మే నెల. మళ్లీ టీవీల్లో విమానాలు, బాణాల గుర్తులేసిన పటాలు. పక్కనున్న వెంకటి హోటల్లో టీవీ పొద్దటి నుంచీ ఒకటే అరుపు. ఆదివారం రేణుకమ్మ మనవరాలు నిరోష పెళ్లి. పెళ్లికొడుకుది వేల్పూర్. అతని మేనమామ శంకరమ్మకు ఫోన్ చేసి, ఈ లొల్లి సద్దుమణిగాక పెట్టుకుందామా అని అడిగాడట.

"మరేమన్నవ్?" అడిగాడు రాజనర్సు.

"బాంబుకు పత్రిక పంపలేదు సారూ, అది రాదు, మీరు రాండ్రి అన్న." శంకరమ్మ చీరకొంగుతో మొహం తుడుచుకుంది. "బరాత్‌ల గీ పాట పెట్టాలె. నిరోష పట్టు గది. శనివారం లోపట డీజే మహేష్‌కు పెన్‌డ్రైవ్ ఇయ్యాలె."

"బుధవారం రా అక్కా."

కొత్త డిప్పలో టేపు ఎక్కించాడు. లేబుల్ అతుకు తీసి సన్నని టేపుతో మళ్లీ అతికాడు. మంగళవారం ఒకసారి నడిపి కంప్యూటర్‌లోకి దించుకున్నాడు. నడిచాక చూస్తే, టేపు తాకే లోహం ముక్క మీద ఎర్రటి పొడి. పూత ఊడుతోంది. పాట ఉండేది ఆ పూతలోనే. 'ఇంకోసారి నడపకుంటే మంచిది' అనుకుని టేపును డబ్బాలో పెట్టేశాడు.

కంప్యూటర్‌లో చెడు చప్పుళ్లు తీసేసే పని కూడా వీడియోలు చూసి తనే నేర్చుకున్నాడు. ఎక్కడ బుస వినబడితే అక్కడ తీశాడు, ఎక్కడ కచ్ మన్నా తీశాడు. రోజంతా పట్టింది. చివరికి పాట కడిగిన గాజు గ్లాసులా మెరిసింది. దాన్ని మొదట దించుకున్న ఫైలు మీదే భద్రం చేసి, చాయ్ తెప్పించుకుని తాగాడు.

బుధవారం శంకరమ్మతో నిరోష కూడా వచ్చింది. చేతుల మీద మొన్నటి మెహందీ ఇంకా ఎర్రగా ఉంది. రాజనర్సు రెండు పెద్ద స్పీకర్లు పెట్టి, లేచి నిలబడి మరీ పాట వేశాడు.

శంకరమ్మ మొహం విప్పారింది. "ఓయమ్మో, నా గొంతు గింత సక్కగుండెనా? మా ఆయినె ఎన్నడన్న ఒక్క మాటన్నడా!" ఒక చరణం అయ్యేసరికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "గానీ రాజన్నా... పాట కుంటుతున్నదేంది?"

నిరోష పాట అయ్యేదాకా ఆగింది. "మా అవ్వ ఏది కాకా?"

"మీ అవ్వ పాడిందా బిడ్డా? ముగ్గురి గొంతులే ఉన్నయి."

"పాడలే. నాది కాకి గొంతు అనేదంట. అందరు సుడుతుంటె మా అవ్వ ఆకు కత్తిరిచ్చింది. కత్తెర తోటి తాళమేసింది."

రాజనర్సు కూర్చున్నాడు.

కచ్ కచ్. తునికాకు మీద రేకు ముక్క పెట్టి చుట్టూ కత్తిరించే చప్పుడు. పుట్టిన దగ్గర్నుంచీ తల్లి చేతిలో విన్నదే. ఫ్యాన్ చప్పుడు ఎవరికి వినబడుతుంది? అట్లాగే అతని చెవికి అది చప్పుడే కాదు. టేపు గీతలనుకుని ఒక్కొక్కటే ఏరి పారేశాడు. అప్పట్లో తీసిన కాపీల్లోనూ అది బుసలో మునిగిపోయేది. పాట పాటంతా తెలుసనుకున్నాడు, తాళం మాత్రం ఎన్నడూ వినలేదు.

"నేనే తీసేసిన బిడ్డా," అన్నాడు. "చెత్త అనుకున్న."

శంకరమ్మ నోరు తెరిచింది. "బీడీలు సుట్టిన తల్లి కడుపున పుట్టి కత్తెర సప్పుడు ఎరుకలేదా నీకు? మీ అమ్మ ఇంటే గా కత్తెరతోనే నీ చెవులు కోసు!"

"కోస్తది అక్కా. కొయ్యాలె కూడ."

"పోనీ నేను కూసోని కత్తిరిస్త, ఎక్కిచ్చు. కత్తెర ఏదైతేంది?"

నిరోష తల అడ్డంగా ఊపింది. "అవ్వ పొయ్యేటప్పటికి నాకు నాలుగేండ్లు పెద్దమ్మా. మొహం యాదికి లేదు, ఫొటోల చూసుడే. గా సప్పుడొక్కటే యాదికున్నది. నీది వేరుంటది."

అది నిజమేనని శంకరమ్మకు తెలుసు. రేణుకమ్మ కత్తెర రెండు దెబ్బలు వెంటవెంటనే పడి, మూడోది ఒక్క క్షణం ఆగి పడేది.

రాజనర్సు దాచలేదు. పాతది చెరిగిపోయిందని, మళ్లీ టేపే నడపాలని, నడిపితే పూత ఎంత ఊడుతుందో తెలియదని, అసలుకే పోవచ్చని చెప్పాడు. "నడపమంటే నడుపుత. వద్దంటే గీ డబ్బల పెట్టి గిట్లనే ఇస్త. నువ్వే చెప్పాలె బిడ్డా."

నిరోష ఆలోచించింది. "డబ్బల ఉంటే ఎవరింటరు కాకా? నడుపు."

"రేప్పొద్దుగాల రాండ్రి."

ఆ సాయంత్రం అతను ఇంకే పనీ ముట్టలేదు. టేపు మొత్తం చేత్తోనే ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు తిప్పుతూ, రెండు వేళ్ల మధ్య మెత్తటి కళ్లజోడు గుడ్డ పట్టి పొగాకు పొడి తుడిచాడు. కొత్త డిప్పలో టేపును ఒత్తిపట్టే మెత్త గట్టిగా ఉండి గీరుతోందని గమనించి, మంచి క్యాసెట్టు ఒకటి విప్పి అందులోని మెత్త తెచ్చి వేశాడు. కరెంటు ఎగుడుదిగుడైతే పాట సాగుతుందని టేప్‌రికార్డర్‌ను బ్యాటరీకి తగిలించాడు. మొదటిసారే చేయాల్సిన పనులు ఇవి. తొందరలో దాటేశాడు. ఒక్క స్క్రూకు నూనె దిగేదాకా ఆగినవాడు దీనికి ఆగలేదు.

గురువారం పొద్దున ఇద్దరూ వచ్చారు. రాజనర్సు ఫ్యాన్ ఆపేశాడు. తొమ్మిదికే గది పొయ్యిలా ఉంది.

"అక్కా, ఒక్కటే మాట. ఏడు నిమిషాలు నువ్వు మాట్లాడొద్దు."

"నేనేమన్న మాట్లాడుతనా?"

"గిదే వద్దంటున్న."

టేపు చుట్టుకునే పక్క ఇరుసులో పెన్సిల్ దూర్చాడు. మోటారు గుంజే గుంజుడు మొత్తం టేపు మీద పడకుండా, దానితో పాటే తన వేలితో మెల్లగా తిప్పుతూ సాయం పడతాడు. ఎక్కువ తిప్పితే పాట పరుగెడుతుంది, తక్కువైతే టేపు ముడత పడుతుంది. మీట నొక్కాడు.

బుస. తర్వాత కచ్ కచ్... కచ్.

నిరోష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శంకరమ్మ మాట్లాడలేదు గానీ ఆమె కుడిచేతి వేళ్లు ఒడిలో కత్తిరించడం మొదలుపెట్టాయి. పాట కుంటడం మానింది. బాంబు సారు ఆగాడు, వెయ్యి బీడీలు అయ్యాయి. ఆడొకటి పేల్చె, ఈడొకటి పేల్చె, మా ఉప్పు పప్పుకే ధర పేలె అని ఇంకో చరణం. రాజనర్సు నుదుటి చెమట కంట్లోకి దిగింది. తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. అతుకు వచ్చే చోటు అతనికి తెలుసు. దానికి ముందే వేలు తేలిక చేశాడు. అతుకు దాటింది.

పాట అయిపోయింది. మొన్న ఇక్కడే మీట నొక్కి ఆపేశాడు. ఇవాళ ఆపలేదు. ఏది పాటో ఏది చెత్తో తేల్చే పని తనది కాదనుకుని తిప్పుతూనే ఉన్నాడు. కత్తెర ఇంకో నాలుగు దెబ్బలు వేసి ఆగింది. ఎవరో చాట దులిపారు. ఆ వెనుక, బొంగురుగా, పక్కనే కూర్చుని అన్నట్టుగా ఒక ఆడగొంతు:

"ఓ, బందు జేయుండ్రి ఇగ. సెల్లులు ఒడుస్తయి."

టక్. రికార్డింగు అక్కడితో ఆగిపోయింది.

శంకరమ్మ ఇచ్చిన మాట మరిచిపోయి పకపకా నవ్వింది. "గదే రేణుక! గట్లనే! బాంబు పడ్డా సరే గానీ దానికి టేప్‌రికార్డర్ల సెల్లులు అయిపోవద్దు!"

నిరోష నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, రెండూ. "నిజంగనే కాకి గొంతు కాకా," అంది. "ఇంకోసారి పెట్టవా?"

"టేపు మీద కాదు. దీంట్ల ఎన్నిసార్లన్న ఇను." ఈసారి మూడు చోట్ల భద్రం చేశాక గానీ కంప్యూటర్‌లో దేన్నీ ముట్టుకోలేదు. ముట్టుకున్నా, మొదట్లోని బుస కొంచెం తగ్గించాడంతే.

"భయం పోయిందా అక్కా అప్పుడు? పాట కట్టినంక?" పాట పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుండగా అడిగాడు.

"యాడ పోతది? భయపడుకుంట పని చేసుడు అలవాటైంది. పోరగాండ్లు మాత్రం మంచం కిందికెల్లి బయటికొచ్చి, బాంబు సారు ఆట ఆడిండ్రు."

పక్క హోటల్లో టీవీ ఇంకా అరుస్తూనే ఉంది. రాజనర్సు ఫ్యాన్ వేశాడు. క్యాసెట్టు వెనుక అంచున ఉన్న రెండు చెవులూ విరిచేశాడు, ఇక దాని మీద ఎవరూ ఇంకేదీ ఎక్కించలేరు. పొగాకు డబ్బా లోపల పొడిగుడ్డతో తుడిచి, అందులో కొత్త పాలిథీన్ సంచి పరిచి క్యాసెట్టు పెట్టాడు. పక్కన రేణుకమ్మ అతికిన ఆ లేబుల్ ముక్కను చిన్న కాగితంలో మడిచి పెట్టాడు. మూత బిగించాడు.

"మహేష్‌కు చెప్పు బిడ్డా, కత్తెర సప్పుడు మీద బాసు దరువు పెట్టొద్దని. చివర మాట గూడ కట్ చెయ్యొద్దని."

"కట్ చేస్తే పెండ్లి పీటల మీదికెల్లి లేస్తనని చెప్తా," అంది నిరోష.

డబ్బా ఆమె చేతిలో పెట్టి, పైన పెన్‌డ్రైవ్ ఉంచాడు.