మంచులో చిక్కిన ప్రతిపక్షం

ఎనభైల్లో చికాగో ఎయిర్‌పోర్టులో ఓ యూరప్ దేశపు పార్లమెంటుకి నేను స్పీకర్‌గా పనిచేశాను. సరే, నిజం చెబుతాను. మంచుకి ఫ్లైట్లు ఆగిపోతే, సదస్సుకొచ్చిన ఆ దేశపు ప్రతిపక్ష నాయకుడికీ మంత్రికీ మధ్య కుర్చీలో ఇరుక్కున్నాను, అంతే.

ప్రశ్న అడిగే ముందు ప్రతిసారీ నాయకుడు లేచి కోటు బొత్తం పెట్టుకునేవారు. "రొట్టె ధర ఎందుకు పెంచారు? యూరప్ మార్కెట్‌లో చేరితే మన రైతు గతేమిటి?" మంత్రికి పారిపోయే దారి లేదు, బయటంతా మంచే.

మర్నాడు వాళ్ల సభలో ఆ చేరిక మీదే ఓటింగు. ఒక్క ఓటుతో తేలేలా ఉంది. ఇంతలో ఒక విమానం కదులుతోందనీ, ఒక్క సీటే ఉందనీ మంత్రిని పిలిచారు. ఓట్ల లెక్క ఎటూ మొగ్గకుండా, ఒకరు లేకుండా ఇంకొకరు ఓటెయ్యకూడదని బయల్దేరేముందే ఇద్దరూ అనుకున్నారట, అక్కడది ఆనవాయితీ. మంత్రి ఆ సీటు వద్దని చెప్పి వచ్చి కూర్చున్నారు.

"మీ పార్టీవాళ్లేమంటారు?" అన్నారు నాయకుడు, మెల్లగా.

"మీకే ఓటేశానంటారు."