కరెంటు దిశ మార్చిన శనివారం

ఇవాళ గచ్చిబౌలిలో ఫోను బాగుచేయించుకుంటుంటే తీగలు అతికించే సోల్డర్ పొగ ముక్కుకు తగిలింది. ఇక కాలు ఒకచోట నిలవలేదు. దుకాణం ముందు అటూ ఇటూ తిరుగుతూ సుగుణ మేడమ్‌ను తలుచుకున్నాను. తొంభైల చివర, ఆ దగ్గర్లోని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నేను ఆమె దగ్గర పరిశోధన చేసేవాణ్ణి. ఆమెది సిద్దిపేట వైపు పల్లె, నాది కాకినాడ.

మా పని కంటికి కనిపించనంత చిన్న, పొడవాటి కోబాల్ట్ కణాలతో. అలాంటి కణంలో అయస్కాంతత్వం ఈ కొసకో ఆ కొసకో చూస్తుంది, అడ్డంగా నిలవదు. తిప్పాలంటే మధ్యలో గట్టులాంటి ఒక అడ్డంకి దాటించాలి. ఎలక్ట్రాన్లకు స్పిన్ అనే గుణం ఉంది, ఒక్కొక్కటీ ఒక బుల్లి అయస్కాంతం. స్పిన్‌లు ఎక్కువగా ఒకే వైపున్న కరెంటును పంపితే కణం తిరగబడుతుందా అన్నది మా ప్రశ్న. అప్పటికి అది కొత్త ఊహ.

కిటికీ అవతల కొత్త భవనాల కోసం బండలు పేల్చేవాళ్లు. ప్రతి పేలుడుకూ మీటరు ముల్లు వణికేది. తోటివాళ్లు ఒక్కొక్కరే సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోతున్నారు. నాకూ ఉద్యోగం ఉత్తరం వచ్చింది, సోమవారం చేరాలి. సరిగ్గా ఆ వారమే మా కణం తిరగబడింది.

మేడమ్ గ్రాఫును చాలాసేపు చూసింది కానీ మెచ్చుకోలేదు. కరెంటుకు కణం వేడెక్కుతుంది, ఆ వేడికీ గట్టు దాటవచ్చు. స్పిన్ వల్లయితే ఒక దిశలో పంపినప్పుడే తిరగాలి, వేడివల్లయితే ఎటు పంపినా తిరుగుతుంది. తీగలు అటూ ఇటూ మార్చి, కరెంటును ఎదురు దిశలో పంపి చూడమంది. శుక్రవారం, తాను సదస్సుకు బయలుదేరే ముందు రోజున, అడిగింది.

"మార్చి చూసినవా?"

"చేశాను మేడమ్. అటు పంపితే తిరగలేదు."

చేయలేదు. ఆమె తలూపి, ప్రసంగంలో ఆ మాట రాసుకుంది.

మర్నాడు పొద్దున అన్నం వదిలేసి బస్సెక్కి ప్రయోగశాలకు వెళ్లి తీగలు మార్చాను. కణం తిరిగింది. మళ్లీ చూశాను, మళ్లీ తిరిగింది. అది ఉత్త వేడి.

మేడమ్ ఇంటికి వెళ్లేసరికి ఆమె సూట్‌కేసు సర్దుకుంటోంది. నిలబడే అంతా చెప్పేశాను. ఆమె మంచం అంచున కూర్చుంది.

"నువ్వు 'చేసిన' అన్నవ్. నేను నోట్‌బుక్ అడగలే. తప్పు నాది గూడ."

నా ముందే సదస్సువాళ్లకు ఫోన్ చేసి, ఫలితం నిలబడలేదని, తాను మాట్లాడనని చెప్పింది. నా పేరెత్తలేదు. తర్వాత సూట్‌కేసులోంచి చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెడుతుంటే చూడలేక వచ్చేశాను.

కంపెనీని నెల రోజుల గడువు అడిగాను, ఇచ్చారు. ఆ నెలంతా కణం ఎంత వేడెక్కుతుందో కొలిచాను. మా ఇద్దరి పేర్లతో ఒక చిన్న వ్యాసం వచ్చింది. నేను ఉద్యోగానికి వెళ్లిపోయాను. ఆమె వేడిని తగ్గించే దారి వెతుకుతూ ఆ పనిలోనే ఉండిపోయింది.

ఆ రోజు తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఇప్పటికీ మీటింగులో ఎవరైనా ఏదైనా చేశావా అని అడిగినప్పుడు, "చేశాను" అనే మాట నా నోటిదాకా వస్తే, లోపల ఏదో కుదురుగా ఉండనివ్వదు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, వెళ్లి చూసి వస్తాను.