వెనక డోరు మీద గంధం

ఆ వయసులో మనిషికి చేతకాని పని అంటూ ఉండదు. ఫోన్లో పది నిమిషాల వీడియో చూస్తే చాలు, గుండె ఆపరేషనైనా చేసేయగలమనిపిస్తుంది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. చెన్నైకి ఆ చివర షోళింగనల్లూరులో కొత్త ఉద్యోగం, ఈ చివర తొండియార్‌పేటలో ఇల్లు, రెండింటికీ మధ్య ఆఫీసు క్యాబులో నలుగురి మోచేతుల నడుమ రెండు గంటల నిద్ర. ఇంటి ముందేమో నాయన క్రీమ్ కలర్ కారు ఠీవిగా నిలబడి ఉండేది. నాయనది మిరపకాయల మండీ. ప్రతి ఆదివారం ఆ కారును తన చేత్తోనే తుడిచి, ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించి, "ఎనిమిదేండ్లయింది, షోరూములో ఎట్లుండిందో అట్లనే ఉండాది. ఒక్క గీత పడనిచ్చినానా?" అనేవాడు. అమ్మ డ్రైవింగ్ నేర్చుకుంటానన్నప్పుడల్లా ఇదే మాటతో నోరు మూయించేవాడు. నా మీద మాత్రం దయ తలచి, ఆయుధపూజ నాడు తాళం నా చేతికిస్తానని మాటిచ్చాడు.

పూజ ఇంకా మూడు రోజులుందనగా నాయన ఒక పెళ్లికని నెల్లూరు వెళ్లాడు. ఆ మూడు రోజులు ఆగితే నా సొమ్మేం పోయేది? ఆగలేదు. దేవుడి గూట్లోంచి తాళం తీసి, వీధి చివరి దాకా రాజాలా వెళ్లొచ్చి, గేటులోకి తిప్పుతుంటే దాని గడియ కారు వెనక ఎడమ డోరును గీకేసింది. జానెడు గీత. టింకరింగ్ షాపుకు తీసుకెళితే సాయంత్రంలోగా కబురు మండీకి చేరుతుంది (మా పేటలో బండ్ల సొట్టలు తీసేవాళ్లంతా నాయన పరిచయస్థులే). కాబట్టి వీడియోనే శరణ్యం. అందులో ఒక ఆసామి నీళ్లు చిలకరించుకుంటూ, వాటర్ పేపరుతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, డోరును పసిపిల్ల తల నిమిరినట్టు నిమిరాడు. గీత మాయం, డోరు అద్దం. కాగితం నెంబరు రెండు వేలు అన్నాడు. రెండు వేలంటే నాకు భయమేసింది. అంత గరుకుది మనకెందుకు, చిన్న నెంబరుతో మెల్లగా మొదలుపెడదామని హార్డ్‌వేర్ షాపుకు పోయి నూట ఇరవై ఇమ్మన్నాను.

"కారుకా తంబీ? నూట ఇరవయ్యా? బాగా యోచన చేసినావా?" అన్నాడు షాపాయన.

"జాగ్రత్తగా చేస్తాలే అన్నా," అన్నాను. (ఆ కాగితాల్లో నెంబరు తగ్గేకొద్దీ గరుకు పెరుగుతుందని, నూట ఇరవై తుప్పు గీకే సరుకని తర్వాత తెలిసింది.)

బకెట్లో సబ్బు నీళ్లు కలుపుకొని, లుంగీ ఎగగట్టి కూర్చున్నాను. నాలుగు రుద్దులకే గీత పోయింది. దాంతోపాటు మెరుపూ పోయింది. మెరుపు తిరిగొస్తుందేమోనని ఇంకా రుద్దితే రంగు పోయింది. చివరికి ఊతప్పమంత మచ్చ, దాని నడిమధ్యన రేకుకు బదులు పచ్చటి పట్టీ తేలాయి. సొట్ట పూడ్చడానికి టింకరింగ్‌వాళ్లు మెత్తే పట్టీ! కొత్తగా కొన్న కారులో అదెందుకుంటుంది? ఆలోచించేకొద్దీ నాకు ఒళ్లు మండింది. కంపెనీవాళ్లు సొట్ట బండికి రంగు పూసి మా అమాయకపు నాయనకు అంటగట్టారన్నమాట! ఆ కోపంలోనే రంగు డబ్బా తెచ్చి మచ్చ మీద స్ప్రే కొట్టాను. మూత మీద క్రీమ్ రంగే, డోరు మీద పడ్డాక ఆస్పత్రి గోడ రంగు. అది ఆరేలోపు హార్బరు లారీల దుమ్మూ, రెండు దోమలూ వచ్చి అందులో స్థిరపడ్డాయి.

ఆయుధపూజ నాటి ఉదయం నాయన ఊరినుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా డోరు ముందు నిలబడ్డాడు.

"ఏందిరా ఇది?"

తాళం, గడియ, కాగితం, అన్నీ చెప్పేశాను. నాయన ముఖం మండీలోని సరుకు రంగుకు తిరిగింది. "నీకు కారు తాళం గాదురా, సైకిలు గూడా ఇయ్యను! ఎనిమిదేండ్లు కంటికి రెప్ప మాదిరి చూసుకున్నానే!" వీధంతా వింటోంది. ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, ఏడుపొక్కటే తక్కువ. చివరి ప్రయత్నంగా, "నన్ను ఎంతన్నా తిట్టు నాయనా. కానీ కంపెనీవాడు నిన్ను మోసం చేసినాడు. లోపల పట్టీ ఉండాది!" అన్నాను.

నాయన ఠక్కున ఆగిపోయాడు.

"ఎంత లోతు రుద్దినావురా?"

"పట్టీ దాకా."

ఇంటి లోపలికి ఒక చూపు విసిరి, గొంతు తగ్గించి, "మీ అమ్మతో అన్నావా ఈ మాట?" అన్నాడు.

అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు. అది వెలిగేసరికి అమ్మ గంధం గిన్నెతో రానే వచ్చింది. మచ్చ మీద దట్టంగా మెత్తి, ఎవరి ముఖమూ చూడకుండా, "ఇంతే చాలదు, ఇంకా కిందికి పూయాల. ఆ పొద్దు సొట్ట హ్యాండిలు కింద దాకా గదా ఉండింది," అంది. కుంకుమ పెట్టి, గడప దగ్గర వెనక్కి తిరిగి, "రేపట్నుంచి నేను గూడా డ్రైవింగ్ నేర్చుకుంటా," అనేసి లోపలికి పోయింది. నాయన వంగి, టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలను ఒక్కొక్కటే అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు సర్దాడు. ఆ తర్వాత నా వైపు చూడకుండానే తాళం అందించాడు.

ఇప్పుడు నాకు షోళింగనల్లూరులోనే ఫ్లాటు, సొంత కారు. దాని మీద ఒక్క గీత లేదు (ఈ వారం వరకు). అయినా మొన్నటి ఆయుధపూజకు నా చెయ్యి తనంతట తానే వెనక ఎడమ డోరుకు గంధం మెత్తేసింది. "ఈ ఒక్క డోరుకే ఎందుకండీ ఇంత గంధం?" అంది గుంటూరు పిల్ల అయిన నా భార్య. "మా ఇంటి ఆచారం," అన్నాను. సరిగ్గా అప్పుడే పాత క్రీమ్ కలర్ కారు గేటులోకి వచ్చి, ఎక్కడా రాసుకోకుండా ఆగింది. పక్క సీట్లోంచి దిగిన నాయన డోరు చూశాడు, నన్ను చూశాడు, నిమ్మకాయలు సర్దే పనిలో పడ్డాడు. బకెట్ ముందు లుంగీ ఎగగట్టుకుని కూర్చున్న ఆ ఇరవై మూడేళ్ల తెలివితక్కువవాణ్ణి తలచుకుంటే నాకు నవ్వూ వచ్చింది, ముద్దూ వచ్చింది. వాడు అంత లోతు రుద్దకపోయి ఉంటే, స్టీరింగ్ ముందునుంచి దిగుతున్న అమ్మ ఈ రోజుకీ పక్క సీట్లోనే కూర్చుని ఉండేది.